అరవై దాటితే ఇంటి పన్ను తగ్గుతుందా?

ఈ ఎపిసోడ్ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ టౌన్లలో సొంతిల్లున్న పెద్దవాళ్ల కోసం. అరవై దాటితే ఇంటి పన్ను తగ్గుతుందా? మన దగ్గర తగ్గదు. ఢిల్లీ కార్పొరేషన్‌లో అయితే సీనియర్ సిటిజన్లకు, తాము ఉండే ఒక ఇంటిపై, 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం తగ్గింపు ఉంది. మన 2019 మున్సిపల్ చట్టం వయసు చూడదు, గజాలు చూస్తుంది. 75 గజాల వరకు జాగాలో గ్రౌండ్ ఫ్లోర్, లేదా దానిపై ఇంకొక్క అంతస్తు ఉంటే ఏడాదికి 100 రూపాయలే.

చిక్కంతా ఇక్కడే. కొడుకులు హైదరాబాద్‌లో, అవ్వ ఒక్కతే తాతల నాటి 200 గజాల ఇంట్లో ఉంటుందనుకోండి. వచ్చేది నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను. ఇల్లు పెద్దదే, చేతిలో పైసలే లేవు. ఆ వంద రూపాయల లెక్క ఆమెకు రాదు. బాకీ పడితే నెలకు 2 శాతం వడ్డీ.

అందుకే, చిన్నిల్లు అయితే డిమాండ్ నోటీసులో కొలత సరిచూడండి. తప్పుంటే మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. పెద్దిల్లు అయితే ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కట్టండి, 5 శాతం తగ్గుతుంది. అమ్మానాన్న ఊర్లో ఉంటే, ఆన్‌లైన్‌లో మీరే కట్టేయండి.