మీకు తెలుసా? ఎస్3లో ఫోల్డర్ ఉండదు

అమెజాన్ ఎస్3 క్లౌడ్ స్టోరేజీలోని సాధారణ బకెట్లలో (ఫైళ్లు దాచే పాత్రల్లో) నిజమైన ఫోల్డర్లు లేవు, అందుకే ఫోల్డర్‌ను జరిపే ఆదేశం కూడా ప్రోగ్రాములు వాడే దాని ఏపీఐలో లేదు. 2006లో మొదలైన ఈ సేవలో ప్రతి ఫైలూ 1,024 బైట్ల దాకా పేరు పెట్టుకోగల ఒక విడి వస్తువు. 'ఫొటోలు/2024/పెళ్లి' అన్న పేరులో ఏటవాలు గీతలు కూడా అక్షరాలే, అవి అరలు కావు. కాబట్టి లక్ష ఫైళ్ల 'ఫోల్డర్'ను ప్రోగ్రామ్‌తో జరపాలంటే ఒక్కో ఫైలునూ కొత్త పేరుతో కాపీ చేసి, పాతదాన్ని తీసేయాలి. తీసేయడమైతే ఒక్క అభ్యర్థనలో 1,000 వరకు కుదురుతుంది. కాపీ ఆదేశం మాత్రం ఒక్కసారికి ఒక్క ఫైలుకే పనిచేస్తుంది, 5 జీబీ దాటిన ఫైలునైతే ముక్కలుగా కాపీ చేయాలి.

వెబ్ కన్సోల్‌లో 'మూవ్' బటన్ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, కానీ అది చేసేదీ కాపీ, ఆపై తొలగింపే. పని మధ్యలో ఆగితే సగం ఫైళ్లు పాత పేర్లతో, సగం కొత్త పేర్లతో మిగిలిపోతాయి. అందుకే అన్నీ కాపీ అయి, లెక్క సరిపోయాకే తొలగింపు మొదలుపెట్టడం క్షేమం. క్లౌడ్ అంతా ఇంతేనని మాత్రం అనుకోనక్కర్లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్‌కు సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. మీ డ్రైవ్‌లోనే దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి జరిపేటప్పుడు మాతృ ఫోల్డర్‌ను మార్చే ఒక్క అభ్యర్థన చాలు, లోపల ఎన్ని ఫైళ్లున్నా సరే.