గుంజాయిష్: ఆటల కంప్యూటరులో రేపటి కార్డుకు చోటు

మన పట్టణాలలో ఇల్లు కట్టుకొనే మధ్యతరగతి గృహస్థుని అలవాటు ఒకటి విద్యార్థి మిత్రులందరూ చూచియే ఉందురు. చేతిలోని పైకంతో కింది అంతస్తు మాత్రమే పూర్తిచేసి, మిద్దెపైన స్తంభాల ఇనుప కడ్డీలను రెండు మూడు అడుగుల మేర అట్లే వదలివేస్తాడు. మరికొంత సొమ్ము సమకూడిన నాడు పై అంతస్తు వేయవలెనని అతని సంకల్పం. ఆ కడ్డీలు చూపులకు అందంగా ఉండవు. కాని అవి లేకున్న పై అంతస్తు మాట మరచిపోవలసినదే. ఉర్దూలో దీనికి 'గుంజాయిష్' అను చక్కని మాట ఉన్నది; ఇమిడే చోటు, మునుముందుకు అవకాశం అను రెండర్థాలూ అందులో ఉన్నవి. ఆటల కొరకు కంప్యూటరును కూర్పించుకొనదలచిన విద్యార్థి మొదట ఆలోచింపవలసినది ఈ గుంజాయిష్‌ను గూర్చియే.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఈ గొడవ ఎందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చును. మా తరగతిలోని ఒక విద్యార్థికి కలిగిన నష్టమే మమ్ము ఈ విషయంలోనికి లాగినది. జెడ్డాలో పనిచేస్తున్న అన్న పంపిన అరవై వేల రూపాయలతో అతడు ఒక కంప్యూటరు కూర్పించుకొన్నాడు. అందులో జీటీఎక్స్ 1650 అను చిన్న గ్రాఫిక్సు కార్డు ఉండెను. సంవత్సరంపాటు చక్కగా నడిచినది. ఆపైన ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఎవరో వాడిన ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కార్డును కొన్నాడు. దానికి తగిన తీగ అతని పవర్ సప్లైలో లేదు. దుకాణదారు ఏదో జోడింపు తీగ తగిలించి 'నడుస్తుంది' అన్నాడట. నడిచినది, కాని ఆటలో పోరాటం ముదిరినప్పుడల్లా యంత్రం టక్కున ఆగిపోయేది. పదిహేను దినాలకు కాలిన వాసన వచ్చినది. పవర్ సప్లైతోపాటు మదర్‌బోర్డు కూడా పోయినది. కార్డు మాత్రం బతికినది. "సార్, అన్నకు ఏమని చెప్పేది?" అని స్టాఫ్‌రూము వాకిట నిలబడి అతడు అడిగిన మాట మేము మరువలేదు.

తప్పు కార్డుది కాదు. గ్రాఫిక్సు కార్డు మదర్‌బోర్డుపైనున్న పొడవాటి గాడిలో, అనగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో కూర్చుంటుంది. ఆ గాడి ఇవ్వగలిగినది గరిష్ఠంగా 75 వాట్లు. 1650 కార్డు అడిగేది అంతే కనుక దానికి వేరే తీగ అవసరపడలేదు. 3060 టీఐ అడిగేది 200 వాట్లు. మిగిలినది పవర్ సప్లై నుండి ప్రత్యేకమైన తీగ ద్వారా రావలెను: ఆరు పిన్నుల తీగ 75 వాట్లకు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లకు ఉద్దేశింపబడినవి. ఆ విద్యార్థి పవర్ సప్లై పెట్టెపైన 450 వాట్లని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉన్నది. పక్కన అంటించిన లేబులును మేము చదివి చూడగా, 12 వోల్టుల వరుసలో 18 ఆంపియర్లు మాత్రమే కనిపించినవి. రెంటిని హెచ్చించిన 216 వాట్లు. ప్రాసెసరు, గ్రాఫిక్సు కార్డు రెండును ప్రధానంగా ఈ 12 వోల్టుల మీదనే బతుకుతాయి. కార్డు ఒక్కటియే 200 అడుగుతుంటే ప్రాసెసరు గతి ఏమి? పెట్టెపైనున్న అంకెను కాక లేబులును చదువుట మా విద్యార్థులు మొదట నేర్వవలసిన పాఠం. 2004లో వెలసిన '80 ప్లస్' ముద్ర కూడా విద్యుత్తు ఎంత వృథా అవుతున్నదో తెలుపుతుందే గాని, లోపలి పనితనానికి హామీ కాదు. ఏడేండ్లో పదేండ్లో వారంటీ ఇచ్చే తయారీదారుని మాటను మేము ఎక్కువగా నమ్ముతాము.

రేపటి కార్డుకు ఎంత శక్తి కావలెనో నేడే లెక్క వేసుకొనవచ్చును. రైజెన్ 5 7600 ప్రాసెసరు పూర్తి శ్రమలో 88 వాట్ల వరకు తీసుకొంటుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5070 కార్డుకు 250. పంకాలు, డిస్కు, మెమొరీలకు మరొక 60 అనుకొందము. మొత్తం 400కు దగ్గర. అయితే కార్డు క్షణకాలంపాటు తన లెక్కను మించి గుంజుతుంది కనుక, ఎన్విడియా వారే ఈ కార్డుకు 650 వాట్ల పవర్ సప్లైని సూచించినారు. 300 వాట్ల 5070 టీఐకి 750. కాబట్టి నేడు చిన్న కార్డుతో మొదలుపెట్టేవాడైనను మంచి 750 వాట్ల పవర్ సప్లైని కొనుట దుబారా కాదు. 575 వాట్లు తినే 5090 మన జోలి కాదు, దానిని వదలివేయుదము. 2022లో 4090 కార్డుతోపాటు ప్రచారంలోనికి వచ్చిన పదహారు పిన్నుల కనెక్టరు కొందరి యంత్రాలలో కరిగిపోగా 2023లో దానిని సవరించినారు. అటువంటి తీగ ఉన్నచోట అది చివరిదాకా దిగినదో లేదో కంటితో చూచి మరీ మూత వేయవలెను.

మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసినదే కనుక యూపీఎస్ మాట కూడా చెప్పవలెను. ఇండ్లలో సాధారణంగా కనిపించే 600 వీఏ పెట్టె మోసేది సుమారు 360 వాట్లు. పెద్ద కార్డు వచ్చిన నాడు అది ఆట మధ్యలోనే చేతులెత్తివేస్తుంది.

ప్రాసెసరు ఎన్నికలో ఒక సూక్ష్మం ఉన్నది. కార్డు కొనలేనివారు లోపలనే గ్రాఫిక్సు ఉన్న ప్రాసెసరుతో కాలం గడపవచ్చును. ఇది మంచి ఉపాయమే. కాని 2024లో వచ్చిన రైజెన్ 5 8600జీ, తేలికైన ఆటలను కార్డు లేకుండ నడిపినను, రేపు కార్డు పెట్టిన నాడు దానికి ఎనిమిది దారులు మాత్రమే విడుస్తుంది. దాని తమ్ముడు 8500జీ విడిచేవి నాలుగే. 7600కు లోపలి గ్రాఫిక్సు నామమాత్రం. కార్డుకు మాత్రం పదహారు దారులూ తెరచి ఉంచుతుంది. ఏడాదిలోపు కార్డు కొనగల విద్యార్థి 7600 వైపు, కొనుట అనుమానమైనవాడు 8600జీ వైపు మొగ్గుట మేలని మా అభిప్రాయం. దారుల లెక్క కార్డుకూ వర్తిస్తుంది. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు దారులనే వాడుతుంది. పాత మూడవ తరం స్లాటులో పెట్టినవారికి వేగం బాగా తగ్గినది.

స్లాటు విషయంలో మన కాలం వారు అదృష్టవంతులు. 1997లో వచ్చిన ఏజీపీ గాడి కొద్ది ఏండ్లలోనే మూలపడినది. దాని బోర్డును కొన్నవారికి కొత్త కార్డులు కూర్చోలేదు. 2004 నుండి బజారులో ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ మాత్రం తరాలు మారినను ఆకారం మార్చుకొనలేదు. ప్రాసెసరు సాకెట్లు అట్లు కావు. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవారిలో అనేకులు 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకొనగలిగినారు. 2022లో ఆరంభమైన ఏఎం5ను 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ 2024లో ప్రకటించినది. కార్డు ఎదిగిన కొలది ప్రాసెసరు వెనుకబడుతుంది కనుక ఇది చిన్న సంగతి కాదు.

క్యాబినెట్టు గూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. పొడవు కొలిచి కొనవలెను. పెద్ద కార్డులు 300 మిల్లీమీటర్లు దాటుతున్నవి, రెండు మూడు గాడుల స్థలాన్ని ఆక్రమిస్తున్నవి. ముందుభాగం అద్దంతో మూసిన క్యాబినెట్టు మన వేసవికి పనికిరాదు. తెర సంగతి కూడా మరువరాదు: 1080 తెరపై బొమ్మకు సుమారు 20.7 లక్షల చుక్కలు, 1440 తెరపై 36.9 లక్షలు, 4కే తెరపై 82.9 లక్షలు. తెర మార్చిన కార్డు మార్చవలసివచ్చునని గ్రహింపవలెను.

ఆ విద్యార్థి ఇప్పుడు మరల కూర్చుకొన్నాడు. ఈసారి అన్నకు ముందుగా పవర్ సప్లై లేబులు ఫోటో పంపినాడట. బతికిన 3060 టీఐ అందులోనే ఉన్నది.

మా ప్రయోగశాలకు కొత్త యంత్రాలు తీసుకొనదలచినట్లు కమిటీవారి నోట విన్నాము. త్రిమితీయ చిత్రణ, ఆటల రూపకల్పన నేర్వగోరే పిల్లలు మనవద్ద ఉన్నారు. సన్నని ఆఫీసు డెస్క్‌టాపులు చౌకగాను, ముచ్చటగాను కనిపించవచ్చును. కాని వాటిలో అనేకం తమకే ప్రత్యేకమైన చిన్న పవర్ సప్లైతో వస్తాయి. పొట్టి కార్డు తప్ప వాటిలో మరొకటి పట్టదు. ప్రతి యంత్రంలోను నేడే కార్డు పెట్టుమని మేము కోరము. 'పవర్ సప్లై 450 వాట్లు' అని మాత్రమే వ్రాసిన కొటేషను వచ్చిన పక్షంలో దానిని తిప్పి పంపి, తయారీదారు పేరు, నమూనా సంఖ్య, 12 వోల్టుల ఆంపియర్లు, ఎనిమిది పిన్నుల తీగలెన్ని, వారంటీ ఎన్నేండ్లు అనునవి వ్రాయించుకొనవలెనని మాత్రం మనవి చేయుచున్నాము.