సావిత్రీబాయి పేరిట మన బాలికలకు విద్యార్థి వేతనము

షోలాపురమున స్థిరపడిన మన నేత కుటుంబములలో ఇంట తెలుగు, బడిలో చాలమందికి మరాఠీ. సావిత్రీబాయి ఫూలే పేరు ఆడపిల్లలకు తెలియును. ఆమె పేరిట మహారాష్ట్ర ప్రభుత్వ మిచ్చు విద్యార్థి వేతనము సంగతి పెద్దలకే తెలియకున్నదని మాకు తోచుచున్నది.

ఆమె 1831లో సతారా ప్రాంతమునందలి నాయిగాఁవులో జన్మించిరి. భర్త జ్యోతిరావుగారి వద్ద అక్షరములు నేర్చి, 1848లో ఆయనతో కలసి పుణేలో బాలికల పాఠశాల తెరచి పాఠములు చెప్పిరి. దారిలో గిట్టనివారు పేడ, బురద విసరెడివారట. బడికి చేరి మార్చుకొనుటకు వేరొక చీర వెంట కొనిపోయెడివారని చెప్పుదురు. చీర నేయు మనము ఆ రెండవ చీరను మరువగలమా? 1852లో మహిళా సేవామండలి స్థాపించిరి. 1897లో ప్లేగు రోగులకు సేవచేయుచు అదే వ్యాధితో కన్నుమూసిరి.

ఆ వేతనము 5 మొదలు 10వ తరగతి వరకు చదువు కొన్ని వర్గముల బాలికలకు గలదు. అందొకటగు విశేష వెనుకబడిన వర్గములో పద్మశాలీలు ఉన్నారు. మార్కులలో మొదట నిలువనక్కరలేదు. బడికి క్రమముగా పోవలెను. మాకు నచ్చినది ఇదియే. మన సంఘములు వార్షిక సభలలో మొదటి మార్కుల పిల్లకు గిన్నె ఇచ్చి చప్పట్లు కొట్టును. కండెలు చుట్టుటకై ఇంట నిలిచిపోవు పిల్ల మాటేమి? మన బహుమతులలో సగమైన హాజరుకు ఉండవలెను. సొమ్ము తండ్రి చేతికి వద్దు, నూలు బాకీకి పోవును. బాలిక పేర బ్యాంకులో వేయవలెను.

తలిదండ్రులు కుల ధ్రువపత్రముతో ప్రధానోపాధ్యాయుని కలసికొన మనవి.