పెన్‌డ్రైవ్‌లో వచ్చిన టార్ బ్రౌజర్‌ను నమ్మొచ్చా?

పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక కెమిస్టు, తన కంపెనీ రాత్రిపూట వాగులోకి వదులుతున్న వ్యర్థాల ఫొటోలను విలేకరికి పంపాలనుకున్నాడనుకుందాం. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్లింది 1990లో. అక్కడి వ్యర్థాలు చేరే నక్కవాగు గురించి లోపలి మనిషి నోరు విప్పాలంటే ఇప్పటికీ ఉద్యోగ భయమే. అందుకే ఎవరు ఏ సైటు చూస్తున్నారో దాచే టార్ బ్రౌజర్ అతనికి కావాలి. మరి దాన్ని ఎలా వేసుకోవాలి?

ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ చిన్న ఫైలు. నొక్కాక అసలు ప్రోగ్రాంను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. లినక్స్‌లోని టార్ బ్రౌజర్ లాంచర్ ఇలాంటిదే. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌లో అంతా ఒకే ఫైలులో ఉంటుంది. టార్ బ్రౌజర్‌ను తయారుచేసే టార్ ప్రాజెక్టు విండోస్‌కు ఇచ్చేది ఇదే.

ఈ అవసరానికి నా ఓటు ఆఫ్‌లైన్‌కే. కంపెనీ వైఫైలో ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ నడిపితే ఏ సైటుకు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి వెళ్లారో నెట్‌వర్క్ చూసేవాళ్లకు తెలుస్తుంది. అదే కంపెనీ బయట, ఇస్నాపూర్‌లోని గదిలో ఒకరు దించుకున్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో నలుగురికీ సరిపోతుంది. మిగతా ముగ్గురు ఆ సైటు ముఖమే చూడనక్కర్లేదు.

కానీ చేతులు మారిన ఫైలులో మోసం దూరవచ్చు. టార్ సైటును అడ్డుకున్న చైనాలో, ఒక యూట్యూబ్ వీడియో కింద పెట్టిన లింకు నుంచి జనం టార్ ఇన్‌స్టాలర్ దించుకున్నారు. అందులో నిఘా ప్రోగ్రాం ఉందని 2022లో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ బయటపెట్టింది. ఆ నకిలీ ఫైలుకు డిజిటల్ సంతకం లేదు. అసలు దానికి ఉంటుంది.

కాబట్టి విండోస్‌లో నడిపేముందు ఫైలుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. టార్ ప్రాజెక్టు పేరు ఉండాలి. డీటెయిల్స్ నొక్కితే సంతకం సరైనదేనని రావాలి. లేకపోతే ఎంత దగ్గరి స్నేహితుడు ఇచ్చినా తీసేయండి. ఇంకా గట్టిగా చూసుకోవాలంటే టార్ సైటులో ఫైలు పక్కనే ఉండే సంతకం ఫైలును జీపీజీ అనే ప్రోగ్రాంతో సరిచూడొచ్చు.

పెన్‌డ్రైవ్ కాపీ పాతబడుతుంది, పాతదానిలో భద్రతా లోపాలు మిగిలిపోతాయి. దానికి విరుగుడు ఉంది: తెరవగానే ముందు అప్‌డేట్ చేసుకోవాలి. ఆ అప్‌డేట్ టార్ దారిలోనే వస్తుంది కాబట్టి ఏం దించుకుంటున్నారో నెట్‌వర్క్‌కు కనబడదు. అయితే టార్ వాడుతున్న సంగతి మాత్రం కనబడవచ్చు. అందుకని కంపెనీ వైఫై వద్దు, కంపెనీ ల్యాప్‌టాప్ అసలే వద్దు. సొంత ల్యాప్‌టాప్, సొంత డేటా. పంపేముందు ఫొటోల్లో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా తీసేయాలి.