నీళ్ల వంతు ఎలా నిలుస్తుంది?

పోచారం: 1922లో పూర్తయిన పోచారం కట్ట 2025 ఆగస్టు చివర వచ్చిన పెద్ద వరదను సైతం తట్టుకొని నిలిచింది. కట్టను రాయి, సున్నం నిలబెడితే, దాని కింది నీళ్ల వంతును నిలబెట్టేది మాత్రం రైతుల కట్టుబాటే. ఎగువ రైతు ఒక్క రాత్రి తూము తెరిస్తే చాలు, దిగువ మడి నెర్రెలు బారుతుంది.

దొంగనీళ్లు లాభమే అయినప్పుడు వంతు తప్పని రైతులు ఎందుకుంటారు? శాస్త్రజ్ఞులు దీన్ని ఒక ఆటగా లెక్క కట్టారు. ఇద్దరు రైతులు ఒక్కసారే తారసపడి మళ్లీ ముఖాలు చూసుకోకుంటే వంతు తప్పినవానిదే గెలుపు. కాని వారు ఏటేటా అదే కాల్వ మీద కలవాలి. ఈ ఏడు పైరు ఎండినవాడు వచ్చే ఏడు పూడిక తీయడానికి రాడు. అప్పుడు నష్టం ఇద్దరిదీ.

అమెరికా పండితుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఇలాంటి ఆటకు కంప్యూటరులో పోటీ పెట్టి, ఫలితాలు 1980లో ప్రకటించాడు. అనటోల్ రాపొపోర్ట్ పంపిన చిన్న ఎత్తు గెలిచింది. మొదట మంచిగా ఉండు, తరువాత ఎదుటివాడు చేసినట్టే చెయ్యి, అన్నదే ఆ ఎత్తు. రెండోసారి 62 ఎత్తులు పోటీకి వచ్చినా అదే నెగ్గింది.

బాలి ద్వీపంలో వరి రైతులకు మరో చిక్కు ఉంది. అందరూ ఒకేసారి నాటితే నీరు చాలదు, తలో కాలంలో నాటితే పురుగు మడి నుంచి మడికి పాకుతుంది. లాన్సింగ్, క్రెమర్ అనే ఇద్దరు అక్కడి 172 నీటి సంఘాలను కంప్యూటరులో నమూనాగా కట్టి 1993లో ప్రచురించారు. ప్రతి సంఘం, ఇరుగుపొరుగులో ఎక్కువ పండించినవారి పద్ధతిని అనుసరించాలన్నది ఒక్కటే నియమం. ఎవరి ఆజ్ఞా లేకుండానే కొన్నేళ్ల లెక్కలో కలిసి నాటే గుంపులు ఏర్పడ్డాయి, దిగుబడి పెరిగింది. అక్కడి నిజమైన పద్ధతి కూడా దాదాపు అలాగే ఉంది.

మన తెలుగు నేల మీదా ఇలాంటి సాక్ష్యం ఉంది. కర్నూలు జిల్లా కాల్వ కింది ఊళ్లను పరిశీలించిన రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకం రాశాడు. నీటికి భయం లేని ఎగువ ఊళ్లలో ఉమ్మడి ఏర్పాటు తక్కువ. కాల్వ చివరి ఊళ్లవారు మాత్రం ఉమ్మడి నిధితో నీళ్లు కట్టే మనుషులను పెట్టుకున్నారు. అవసరమే ఆ అలవాటును నేర్పింది.

నీటి సంఘాలకు 1997లో చట్టం వచ్చింది. అయితే వంతు ఎవరిదో అందరికీ తెలియాలి, తప్పినవాడు అందరికీ కనపడాలి, చిన్న తప్పుకు చిన్న జరిమానా వెంటనే పడాలి. ఈ మూడూ ఉన్న కాల్వ మీద చివరి మడికీ నీరందుతుంది. యాసంగి తూము ఎత్తక ముందే ఎగువ, దిగువ రైతులు ఒకచోట కూర్చుంటే అందరికీ మేలు.