నలభై శాతం గీత దాటితేనే దయ

ఎల్.బి.నగర్ చౌరస్తా అంటే తూర్పు పల్లెలకు పట్నం గుమ్మం. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు హయత్‌నగర్ మీదుగా ఇక్కడికే వస్తాయి. సాగర్ రోడ్డున మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవారికీ ఇదే దారి. కూరగాయల గంపలు దించుకునేవాళ్లు, ఆస్పత్రి చీటీలు పట్టుకున్నవాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగులకు పోయే పిల్లలు ఇక్కడ దిగుతారు. వారి మధ్యనే చంకకర్రల మీద దిగేవారు, బిడ్డ భుజం పట్టుకుని నడిచే చూపులేనివారు, ఎదగని పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు ఉంటారు.

వీరిలో కొందరు వెళ్లవలసిన చోటు మలక్‌పేట. అక్కడ నల్గొండ చౌరస్తా దగ్గర వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం ఉంది. మూడు చక్రాల బండికో, వినికిడి యంత్రానికో, ఊళ్లో తేలని అర్జీకో అక్కడికి పోతారు. 2018 సెప్టెంబరు 24 నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్ దాటితే మలక్‌పేట. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. రైలులో చక్రాల కుర్చీకి చోటుంది. అయితే లిఫ్టు దాకా చేరడమే కష్టం. పల్లె బస్సు మెట్టు ఎత్తు. చౌరస్తాలో రోడ్డు దాటడం కాళ్లున్నవారికే ప్రాణసంకటం.

ఈ ప్రయాణం ఒక ఎత్తు. చేతిలోని కాగితం మీద వేసిన అంకె మరో ఎత్తు. బతుకు తేల్చేది ఆ అంకే.

మనిషికి కొలత

ఆ అంకె నలభై. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా, కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతమైంది. కాని ఈ మేళ్లు అందాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉన్నదని డాక్టర్లు రాసివ్వాలి. తెలంగాణలో ఆసరా పింఛనుకు కూడా 40 శాతమే గీత. చెవిటివారికి మాత్రం 51. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వికలాంగుల పింఛనుకు ఏకంగా 80 శాతం ఉండాలి.

2024లో కేంద్రం ఈ గీతలకు రంగులు కూడా వేసింది. గుర్తింపు కార్డు 40 శాతం లోపు వారికి తెలుపు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80, ఆపైన వారికి నీలం. తెల్లకార్డు వచ్చిందంటే వైకల్యం ఉన్నట్టు సర్కారు ఒప్పుకున్నట్టే. పింఛను మాత్రం లేనట్టే.

కొలత అవసరమే. దొంగ సర్టిఫికెట్లతో పింఛను తిన్నవారు ఉన్నారన్నది ఊరూరా ఎరిగిన సంగతే. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో సదరం శిబిరాలు పెట్టి, కంప్యూటర్‌లో నమోదు చేసి సర్టిఫికెట్లిచ్చే పద్ధతి వచ్చింది. తప్పు కొలవడంలో లేదు. కొలిచేది కాలూ కన్నూ మాత్రమే, మనిషి చేసుకునే పని కాదు. వంగని మోకాలు ఆఫీసులో కూర్చుని రాసేవాడికి ఇబ్బంది. అదే మోకాలు నాట్లు వేసే కూలీకి వస్తే పొయ్యి మీదికి కుండ ఎక్కదు. ఇద్దరికీ ఒకే శాతం రాస్తారు. 39 శాతం వచ్చిన మనిషికి ఆకలి 39 శాతమే వేయదు కదా!

రెండు వందల నుంచి నాలుగు వేల దాకా

పింఛను చరిత్ర చూస్తే అది తనంత తాను పెరగలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 200 రూపాయలుండగా వికలాంగులు రోడ్డెక్కి అడిగితే 500 అయింది. మంద కృష్ణ మాదిగ నాయకత్వాన వికలాంగుల హక్కుల పోరాట సమితి చేసిన ఆందోళనలు అప్పటివే. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో ఆసరా పథకం పెట్టి 1,500 చేశారు. 2019 జూన్ నుంచి 3,016, 2023 జూలై నుంచి 4,016 ఇచ్చారు. 2023 నవంబరు ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ చేయూత పేరుతో 6,000 ఇస్తామని మాట ఇచ్చింది. 2024 అంతా గడిచినా, 2025 సగం దాటినా అందింది 4,016 రూపాయలే. ఆ పెంపు కోసం 2025లో మళ్లీ సభలు, ధర్నాలు జరిగాయి.

కేంద్రం వాటా వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 80 శాతం వైకల్యం ఉన్న వ్యక్తికి నెలకు 300 రూపాయలు. 2012లో 200 నుంచి 300 చేశారు. ఆ తరువాత బియ్యం ధర మారింది, నూనె ధర మారింది, బస్సు చార్జీ మారింది. ఆ 300 మాత్రం మారలేదు. పింఛను తగ్గించామని ఏ సర్కారూ చెప్పదు. ధరలు పెరుగుతుంటే అంకెను కదలకుండా ఉంచితే చాలు, దానంతట అదే తగ్గుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ గాయం

నాయకుల దయ ఎంత దూరం వస్తుందో దిల్‌సుఖ్‌నగర్‌కు బాగా తెలుసు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ రెండు బాంబులు పేలాయి. ఒకటి బస్‌స్టాపు దగ్గర, ఇంకొకటి తినుబండారాల దుకాణం దగ్గర. కడుపులోని బిడ్డతో కలిపి 18 మంది పోయారు. 131 మంది గాయపడ్డారు. మూడో రోజున ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చి బాధితులను చూశారు. రాష్ట్ర మంత్రులు, ప్రతిపక్ష నేతలు ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. పరిహారాలు ప్రకటించారు. అప్పటి కన్నీరు నిజమైనదే కావచ్చు.

కేసు నడిచింది. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. దోషుల శిక్ష హైకోర్టులో ఖాయం కావడానికి పన్నెండేళ్లు పట్టింది. కాలో చేయో చెవో పోగొట్టుకున్నవారికి ఆ పన్నెండేళ్లూ రోజూ తెల్లవారింది. ఏటా ఫిబ్రవరి 21 వచ్చినప్పుడు గాయపడినవారు పత్రికలతో చెప్పుకున్నది ఒకటే: అప్పుడు ఇస్తామన్నవి పూర్తిగా అందలేదని, వైద్యానికి సొంత డబ్బు పెట్టుకోవలసి వస్తోందని.

ఇక్కడా శాతం అడ్డం వస్తుంది. ఉగ్రవాద దాడుల్లో దెబ్బతిన్న పౌరులకు సాయం చేసేందుకు కేంద్రం 2008లో ఒక పథకం పెట్టింది. చనిపోయినా, 50 శాతం లేదా ఆపైన శాశ్వతంగా అవిటివారైనా 3 లక్షల రూపాయలు. 2016 ఆగస్టులో దాన్ని 5 లక్షలు చేసింది. 50కి ఒక్క శాతం తగ్గినా ఆ పథకం తలుపు మూసుకుంటుంది. బాంబు పేలినప్పుడు శాతాలు లెక్కపెట్టి పేలదు.

గీత జరిపితే చాలు

పక్క రాష్ట్రం సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచం దిగలేనివారికి 15,000 ఇచ్చారు. దేశంలోనే ఇది పెద్ద మొత్తం. దాని వెంటనే 2025లో మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి. ఆగస్టులో వేలాది మందికి నోటీసులు వచ్చాయి. మీ వైకల్యం 40 శాతం లేదని కొందరికి, అది తాత్కాలికమేనని కొందరికి రాశారు. ఏళ్ల తరబడి పింఛను తీసుకున్నవారు సర్టిఫికెట్ల కట్టతో ఆస్పత్రులకు, కలెక్టరేట్లకు పరుగెత్తారు. గొడవ పెద్దదయ్యాక, అప్పీలు చేసుకున్నవారికి తేలేదాకా పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

ఇది పేద రాష్ట్రాల బాధ మాత్రమే అనుకోవద్దు. బ్రిటన్‌లోనూ 2025లో ఇదే జరిగింది. అక్కడ శాతాలకు బదులు మార్కులు. స్నానం చేసుకోగలడా, వండుకోగలడా అని చూసి మార్కులు వేస్తారు. ఖర్చు తగ్గించుకోవాలని లేబర్ ప్రభుత్వం ఆ మార్కుల నిబంధన బిగించబోయింది. వందమందికి పైగా సొంత పార్టీ సభ్యులే ఎదురు తిరిగారు. జూలై 1న పార్లమెంటులో చర్చ నడుస్తుండగానే ఆ భాగాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వికలాంగులను కూర్చోబెట్టుకుని మాట్లాడాకే మార్పులు అని చెప్పింది.

గుంటూరులోనైనా లండన్‌లోనైనా సర్కారు చేసే పని ఒకటే. డబ్బు మిగుల్చుకోవాలంటే పథకం ఎత్తివేయనక్కరలేదు. గీతను కొంచెం పైకి జరిపితే చాలు.

చట్టంలో సందు

మరి చట్టం ఉంది కదా అనవచ్చు. 2016 చట్టం 24వ సెక్షన్ సామాజిక భద్రత గురించి చెబుతుంది. ఇతరులకు ఇచ్చే ఇలాంటి పథకాల కన్న వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని అందులో ఉంది. అయితే అదే సెక్షన్‌లో, ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత మేరకు పథకాలు పెట్టాలనే మాట కూడా ఉంది. హక్కు అని ఒక చేత్తో ఇచ్చి, స్తోమత ఉంటేనే అని ఇంకో చేత్తో పట్టుకున్నట్టయింది. ధరలతో పాటు పింఛను పెరగాలన్న నిబంధన లేదు. అందువల్ల పెంపు ఎప్పుడూ ఎన్నికల ముందే గుర్తుకొస్తుంది.

పేర్లు మాత్రం తేలికగా మారుతాయి. కుంటి, గుడ్డి అన్న మాటలు పోయి వికలాంగులు అన్నారు. 2015 డిసెంబరులో ప్రధాని మోదీ దివ్యాంగులు అనాలన్నారు. మాట మర్యాదగా ఉండటం మంచిదే. పేరు మారిన ఏడాది కూడా కేంద్రం పింఛను 300 రూపాయలే.

ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ మధ్య రోడ్డు పక్కన నిజాం కాలం నాటి విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం ఉంది. మెట్రో స్టేషన్‌కు దాని పేరే పెట్టారు. దిక్కులేని పిల్లలకు రాజు చూపిన దయ అది. ఆ కాలంలో అంతకు మించిన దారి లేదు. ఇప్పుడు రాజులు లేరు. ఓటు వేసే మనిషి దయ కోసం గుమ్మంలో నిలబడవలసిన పని లేదు.

రంగారెడ్డి జిల్లా ఓటర్లకు ఎస్. జైపాల్ రెడ్డి గుర్తుండే ఉంటారు. పసితనంలో పోలియో సోకింది. చంకకర్రలతోనే నడిచారు. కల్వకుర్తి నుంచి శాసనసభకు, 2009లో చేవెళ్ల నుంచి లోక్‌సభకు గెలిచారు. కేంద్ర మంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. 2019 జూలై 28న కన్నుమూశారు. జనం ఆయనకు జాలిపడి ఓటు వేయలేదు, మాటకు వేశారు. చదువు, అవకాశం దొరికితే చంకకర్రలు దేనికీ అడ్డం కావని ఆయన బతుకే చెప్పింది. ఆ రెండూ దొరకనివారికి కావలసినదీ జాలి కాదు.

ఊళ్లో చేయదగినవి

వైకల్య శాతం తక్కువ రాశారని తోస్తే ఊరుకోనక్కరలేదు. చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. పాత ఆస్పత్రి కాగితాలు, పాత సర్టిఫికెట్లు పారేయకూడదు. నోటీసు వస్తే భయపడి ఇంట్లో కూర్చుంటే గడువు దాటిపోతుంది.

జిల్లా కలెక్టరేట్ ఇప్పుడు లక్డీకాపూల్‌లో లేదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం దగ్గరి కొంగర కలాన్‌కు మారింది. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. అక్కడ తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే వీలును చట్టం కల్పించింది. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఇలాంటివారికి ఒక అర్జీ రాసిపెట్టి, ఒకసారి తోడు వెళ్లినా ఎంతో మేలు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. చట్టం వరమిచ్చింది. శాతాల లెక్కలు, ఖజానా లెక్కలు చూపి పూజారులు తలుపు వేస్తున్నారు. ఓట్లు అడగడానికి వచ్చే నాయకులను ఇకపై పింఛను ఎంత పెంచుతారని మాత్రమే అడిగితే చాలదు. ధరలతో పాటు పెంచుతారా, నడుస్తున్న పింఛను విచారణ పూర్తికాకముందే ఆపబోమని రాసిస్తారా అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని నాయకుడు ఎంత జాలి చూపినా ఉపయోగం లేదు.