ప్రాచీనవిద్యల యున్నతాభ్యాసము - ప్రవేశార్థి యధికారము

శాస్త్రగ్రంథారంభమున అనుబంధచతుష్టయమును నిరూపించుట మన పూర్వుల సంప్రదాయము. గ్రంథమునకు విషయమేమి, దానిఁ జదువుట కధికారి యెవ్వఁడు, ప్రయోజనమేమి, వీని సంబంధమెట్టిది యను నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మటనే శిష్యుఁడు చదువునకుఁ బూనుకొనును. నేఁడు ప్రాచీనభాషలయందును, ప్రాచీనచరిత్రయందును ఉన్నతవిద్యకుఁ బ్రవేశము గోరువారిని విదేశ విశ్వవిద్యాలయము లడుగు ఉద్దేశపత్రము ఈ చతుష్టయమునకే రూపాంతరము. పూర్వము గ్రంథకర్త చెప్పినదానిని నేఁడు విద్యార్థి చెప్పవలసియున్నది. ఈ సంగతి తెలిసినచో వికారాబాదు, తాండూరు వంటి పట్టణముల విద్యార్థులకుఁ గల భయము కొంత తీఱును.

మొదట విషయము. 2016లో నేర్పడిన వికారాబాదు జిల్లావారికిది దూరమున లేదు. అనంతగిరికొండలలోఁ బుట్టిన కాగ్నానది తాండూరు ప్రక్కగాఁ బ్రవహించి, కర్ణాటకమున మళఖేడమును జేరుచున్నది. ఆ మళఖేడమే రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. 9వ శతాబ్దిలో అమోఘవర్షుని కాలమున శాకటాయనుఁడనఁబడు పాల్యకీర్తి శబ్దానుశాసనమును, దానికి రాజు పేరిట అమోఘవృత్తిని రచించెను. మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున నా రాజునే ప్రశంసించెను. ఈ గణితగ్రంథమునే పావులూరి మల్లన తెనిఁగించెను. మూలము ఎం. రంగాచార్యులవారి యాంగ్లానువాదముతో 1912లో మదరాసున ముద్రితమైనది.

“ప్రాచీనచరిత్రయందు నాకు మిక్కిలి యభిరుచి గలదు” అని వ్రాయుట రుచిని జెప్పుటయే, విషయనిర్దేశము కాదు. “మహావీరుని గణితమును దెనిఁగించునపుడు మల్లన యుదాహరణముల నెట్లు మార్చెను? పారిభాషికపదములలో వేనిని సంస్కృతముననే యుంచెను, వేనికిఁ దెలుఁగు మాట గూర్చెను?” అని వ్రాసినచో విషయము సిద్ధించినది. దానినుండియే తక్కిన మూఁడును బుట్టును. సంస్కృతమును బ్రాచీనాంధ్రమును వచ్చినవాఁడే దీని కధికారి. శాస్త్రము భాషనుండి భాషకుఁ జేరు తీరు తెలియుట ప్రయోజనము. ఆ విశ్వవిద్యాలయమున నే యాచార్యుఁ డట్టి పరిశ్రమ చేయుచున్నాఁడో, ఏ గ్రంథాలయమున నట్టి ప్రతులున్నవో చూపుట సంబంధము. సంబంధము చూపని పత్రమును ఏ విశ్వవిద్యాలయమునకైనను బంపవచ్చును. కావుననే యది యెక్కడను బనికిరాదు.

ఈ నాలుగింటిలోఁ గొఱఁత యెక్కువగాఁ గన్పట్టునది అధికారమునందే. తెలంగాణమున మార్కుల కొఱకు ఇంటర్మీడియటులో సంస్కృతమును ద్వితీయభాషగాఁ దీసికొనువారు పెక్కండ్రు. మార్కుల పట్టికలోని యంకె గొప్పదై, ఎన్నఁడును జూడని శ్లోకమునకుఁ బదవిభాగము చేయలేనివాఁడు భాష వచ్చినవాఁడు కాఁడు. పట్టము చదువు మూఁడేండ్లును ఇందులకు సాధనకాలములు. మొదటి యేఁట శబ్దధాతురూపములును సంధిసమాసములును, రెండవ యేఁట సవ్యాఖ్యానముగా నొక కావ్యమును, మూఁడవ యేఁట ప్రాచీనలిపిపరిచయముతోఁ గొన్ని శాసనములును జదివినచో నధికారము సిద్ధించును. ఇందులకు దినమున కొక గంట చాలును. కాని యా గంట తప్పరాదు.

స్వదేశద్వారములు రెండు విధములు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సంస్కృతశాఖయు, ప్రాచీనభారత చరిత్ర సంస్కృతి పురావస్తుశాఖయుఁ గలవు; ఎం. ఏ. ప్రవేశము సీపీగెట్ అను పరీక్షచే జరుగుచున్నది. 1974లో నేర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటి కేంద్రసంస్థలకు సీయూఈటీ-పీజీ యను పరీక్ష గలదు. ఈ రెండింటను సరియైన సమాధానము నెన్నుకొను ప్రశ్నలే యుండును, ఉద్దేశపత్రముతోఁ బనిలేదు. అందుచే ననేకులు భాషాసాధనను విడిచి ప్రశ్నావళిని వల్లించుచున్నారు. అట్లు ప్రవేశించినవాఁడు తరువాతఁ బిహెచ్. డి. కొఱకుఁ బరిశోధనప్రణాళికను దానే వ్రాయవలసివచ్చినపుడు చిక్కుపడును.

విదేశములకుఁ బోఁగోరువారు ముందుగా నొక పదమును దెలిసికొనవలయును. అక్కడ “క్లాసిక్స్” అనఁగాఁ బ్రధానముగా గ్రీకు, లాటినుభాషల విద్య. సంస్కృతమును, ప్రాచీనాంధ్రమును దక్షిణాసియాశాఖలలోనో ప్రాచ్యవిద్యాశాఖలలోనో చదువుదురు. శాఖ తెలియక పంపిన దరఖాస్తు, అందలి విద్య యెంత గొప్పదైనను, వ్యర్థమగును. గ్రీకురోమక చరిత్రనే కోరువానికి ఆ రెండు భాషలును గొంతకాలము చదివిన ఫలితము చూపవలసియుండును. అనువాదములు చదివిన మాత్రమునఁ జాలదు. ఆధునికపరిశోధనలు చదువుటకు జర్మను, ఫ్రెంచిభాషలు సైతము కావలసివచ్చును. అమెరికాలోఁ బిహెచ్. డి. దరఖాస్తులకు గడువు తఱచుగా డిసెంబరు ప్రాంతమున ముగియును. తరగతులు మఱుసటి యేఁడు ఆగస్టు, సెప్టెంబరులలో మొదలగును. కాన నొక సంవత్సరము ముందుగా సిద్ధపడవలయును. ఉద్దేశపత్రముతోఁ బాటు, స్వయముగా వ్రాసిన వ్యాసమొకటి, సాధారణముగా ముగ్గురు గురువుల సిఫారసు లేఖలు నడుగుదురు. విద్యార్థి చదివి చెప్పిన శాసనమును బేర్కొని, ఎక్కడఁ దడఁబడెనో, ఎట్లు సవరించుకొనెనో వ్రాసిన తాండూరు అధ్యాపకుని లేఖ, విద్యార్థి నెఱుఁగని గొప్ప యధికారి పొగడ్తకంటె విలువగలది.

ధనవిషయమునను వివేచన యవసరము. అమెరికాలోని పెక్కు పెద్ద విశ్వవిద్యాలయములు పిహెచ్. డి. విద్యార్థికి జీతము మినహాయించి పోషణవేతన మిచ్చును, ఎం. ఏ. తరగతులకట్టి సాయ మరుదు. షెడ్యూల్డు కులములవారికిని, భూమిలేని వ్యవసాయకార్మికుల బిడ్డలకును ఉద్దేశింపఁబడిన కేంద్రప్రభుత్వ విదేశవిద్యావేతనపు 2022 నాటి నియమావళి, భారతీయసంస్కృతి, చరిత్రలకు సంబంధించిన విషయములను మినహాయించినది. అనఁగా రోమకచరిత్ర చదువఁగోరు బీదవాఁ డా వేతనము నర్థింపవచ్చును. మాన్యఖేటచరిత్ర చదువఁగోరువాఁ డర్థింపరాదు. కావున దరఖాస్తు చేయునాఁటి నియమములను జూచుకొని, విశ్వవిద్యాలయ మిచ్చు వేతనమునే మొదట వెదకుట మేలు.

ఇందు బడిపండితుల పాత్ర పెద్దది. రాజధానినగరమున భాష నేర్పువారు పలువురు దొరకుదురు. చిన్నపట్టణమున బడిపండితుఁ డొక్కఁడే దిక్కు. ఆయన సాయంకాలమున నిద్దఱు పిల్లలకు శబ్దరూపములు చెప్పక విడిచినచో, వారికిఁ బరిశోధనాధికారము కలుగు మార్గమే యుండదు. కాగ్నాతీరపు విద్యను జదువఁదగినవారు కాగ్నాతీరముననే కలరు. వారిని ఇంటర్మీడియటు ముగియకమున్నే గుర్తించి, పదవిభాగము నేర్పుటయే యా దరఖాస్తునకు మొదటి పంక్తి.